షుగర్ జబ్బులో కొవ్వు సంగతి

1889లో స్ట్రాస్‌బర్గ్‌లో యోసెఫ్ ఫాన్ మెరింగ్, ఆస్కర్ మింకోవ్‌స్కీ ఒక కుక్కకు శస్త్రచికిత్స చేసి క్లోమాన్ని తీసేశారు. ఆ కుక్క పదేపదే మూత్రం పోయసాగింది. మింకోవ్‌స్కీ ఆ మూత్రాన్ని పరీక్షించి అందులో చక్కెర ఉందని తేల్చారు. అప్పటి నుంచీ మధుమేహ పరిశోధన ఎక్కువగా చక్కెర చుట్టూనే తిరిగింది. 1992లో డాలస్‌లోని జీవరసాయన శాస్త్రవేత్త డెనిస్ మెగారీ 'సైన్స్' పత్రికలో ఒక కొంటె ప్రశ్న వేశారు. మింకోవ్‌స్కీకి నాలుక రుచి తెలియక, ముక్కు మాత్రం చురుగ్గా ఉండి ఉంటే ఏమయ్యేది? తీపికి బదులు ఎసిటోన్ వాసన పసిగట్టేవారు. కాలేయం కొవ్వును ఎడాపెడా కాల్చినప్పుడు పుట్టే పదార్థం అది. అప్పుడు నూరేళ్ళ పరిశోధన కొవ్వు దారినే నడిచి ఉండేది.

ఆ ప్రశ్న వేసే హక్కు మెగారీకి ఉంది. 1977లో ఆయన బృందం ఒక ముఖ్యమైన ముడి విప్పింది. కాలేయం కొత్తగా కొవ్వు తయారుచేసేటప్పుడు మొదట మాలొనైల్-కోఏ అనే అణువు పుడుతుంది. కొవ్వు ఆమ్లాలను మైటోకాండ్రియాలోకి పంపే సీపీటీ-1 ఎంజైమును ఆపేది అదే. తయారీ సాగుతున్నంతసేపూ దహనం ఆగుతుందన్నమాట. కొవ్వు తయారీలో పుట్టే అణువు ముడిసరుకు మాత్రమే కాదు, ఆజ్ఞ కూడా కాగలదని చెప్పిన ఉదాహరణల్లో ఇదొకటి.

ఆ తర్వాత పోగైన సాక్ష్యమంతా చదివితే నాకు కనబడేది ఇది. ఒంట్లో కొవ్వు ఎంత ఉందన్నది రెండో ప్రశ్న. అది ఏ కణంలో ఉంది, ఏ రూపంలో ఉంది, ఆ రూపాన్ని మార్చే ఎంజైము ఎవరి అదుపులో ఉంది అన్నవి ముందు అడగాల్సినవి. మందుల పరిశోధన ఈ వరసను తిరగేసినప్పుడల్లా దెబ్బతిన్నది.

కొవ్వుకూ గ్లూకోజుకూ పోటీ ఉందన్న మాట పాతదే. 1963లో కేంబ్రిడ్జిలో ఫిలిప్ ర్యాండిల్ బృందం ఎలుకల కండరాల మీద పనిచేసి, కొవ్వు ఆమ్లాలు కాలుతున్నప్పుడు గ్లూకోజు కాలడం తగ్గుతుందని చూపింది. పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఇదే నడిచింది. ర్యాండిల్ లెక్క ప్రకారం కండరంలో గ్లూకోజ్-6-ఫాస్ఫేటు పేరుకుపోవాలి. 1990లలో యేల్ విశ్వవిద్యాలయంలో జెరల్డ్ షుల్మన్ బృందం మనుషుల రక్తంలోకి కొవ్వు ఆమ్లాలను ఎక్కించి, ఎన్‌ఎమ్‌ఆర్ యంత్రంతో కండరాన్ని కొలిచింది. గ్లూకోజ్-6-ఫాస్ఫేటు పేరుకోలేదు సరికదా, తగ్గింది. అంటే గ్లూకోజు కణం లోపలికే సరిగా రావడం లేదు. ఇన్సులిన్ పిలుపు గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. ఆపుతున్నదెవరన్న దాని మీదే ఈ పాతికేళ్ళ వాదులాట.

కొవ్వు సంకేతం ఇవ్వగలదని జీవశాస్త్రం ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. 1953లో మేబెల్, లోవెల్ హోకిన్ దంపతులు పావురం క్లోమపు ముక్కలకు ఎసిటైల్‌కోలిన్ తగిలిస్తే, పొరల్లోని ఫాస్ఫోలిపిడ్లలోకి రేడియోధార్మిక ఫాస్ఫరస్ గబగబా చేరుతోందని గమనించారు. కణపు పొర అంటే ఉత్త గోడ అనుకునే రోజులవి. 1970ల చివర జపాన్‌లోని కోబేలో యసుతోమి నిషిజుకా ప్రొటీన్ కైనేజ్-సి అనే ఎంజైమును కనుగొని, దాన్ని తట్టి లేపేది డయాసిల్‌గ్లిసరాల్ అనే కొవ్వు అణువని తేల్చారు. ఈ రంగానికి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుతో ఒక నికరమైన బంధం ఉంది. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన రూపొందించిన ఫాస్ఫరస్ నీలిరంగు పరీక్షనే 1959లో బార్ట్‌లెట్ లిపిడ్లకు తగ్గట్టు సవరించారు. ఫాస్ఫోలిపిడ్ల లెక్క తేల్చడానికి తరాల తరబడి పరిశోధకులు ఆ నీలిరంగునే నమ్ముకున్నారు. సుబ్బారావు పేరు చెప్పగానే మనవాళ్ళు ఏటీపీనీ మందులనూ తలుచుకుంటారు. ఈ పరీక్ష వంతు రాదు.

గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు తగిలిస్తే ట్రైగ్లిజరైడ్, రెండే ఉంటే డయాసిల్‌గ్లిసరాల్. పరిశోధకులు దీన్ని పొట్టిగా డ్యాగ్ అంటారు. మొదటిది మూటగట్టి పెట్టిన నిల్వ, రెండోది ఎంజైములను కదిలించే సంకేతం. షుల్మన్ వాదన ఇలా సాగుతుంది: కాలేయ కణంలోకి వచ్చే కొవ్వు ఆమ్లాలు కాలడం కన్నా, నిల్వ కావడం కన్నా వేగంగా చేరుతుంటే డ్యాగ్ పేరుకుంటుంది. అది ప్రొటీన్ కైనేజ్-సి ఎప్సిలాన్‌ను పొర దగ్గరికి లాగుతుంది. ఆ ఎంజైము ఇన్సులిన్ గ్రాహకంలో 1160వ స్థానంలోని థ్రియోనిన్‌కు ఫాస్ఫేటు తగిలించి, గ్రాహకాన్ని మందకొడి చేస్తుంది. 2016లో ఈ బృందం ఎలుకల్లో ఆ ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చేసింది. ఆ ఎలుకలకు కొవ్వు మేత పెట్టినా కాలేయంలో ఇన్సులిన్ నిరోధకత రాలేదు. ఇంత ముచ్చటైన ప్రయోగం ఈ రంగంలో అరుదు.

అయినా ఎదురు సాక్ష్యం ఉంది. కాలేయంలో మాత్రమే ఆ కైనేజును తీసేసిన ఎలుకలను 2019లో మరో బృందం పరీక్షిస్తే ఆశించిన రక్షణ కనబడలేదు. కొవ్వు కణజాలంలోని ఎంజైమే ముఖ్యమని వాళ్ళు వాదించారు. పైగా డ్యాగ్ అంటే ఒకటే సరుకు కాదు. కొవ్వు ఆమ్లాలు ఏయే స్థానాల్లో తగిలి ఉన్నాయన్న దాన్నిబట్టి మూడు రూపాలు. అందులో ఒక్కటే కైనేజును లేపగలదు. నిల్వ కొవ్వును విప్పే ఎంజైము వదిలే డ్యాగ్ ఎక్కువగా ఆ పనికిరాని రూపాల్లోనే ఉంటుంది. కాబట్టి కాలేయాన్ని మొత్తంగా నూరి డ్యాగ్ ఎంత ఉందో కొలిచిన పాత పరిశోధనలు చాలావరకు తప్పు లెక్క చూపినట్టే. 2020లో షుల్మన్ బృందమే కణాన్ని భాగాలుగా విడదీసి, బయటి పొరలో ఉన్న సరైన రూపమే నేరస్థురాలని చెప్పింది. సిద్ధాంతం గట్టిపడిందా, ఇరుకు దారిలోకి వెళ్ళి బతికిపోయిందా అన్నది చదివేవాళ్ళ ఓపిక మీద ఆధారపడి ఉంటుంది.

రెండో అనుమానితురాలు సెరమైడ్. ఇది స్ఫింగోలిపిడ్ల కుటుంబానికి చెందినది. పామిటిక్ ఆమ్లాన్ని సెరీన్‌తో కలిపే ఎస్‌పీటీ ఎంజైము దగ్గర దీని తయారీ మొదలవుతుంది. పామాయిల్, నెయ్యి, వెన్నల్లో దండిగా ఉండే కొవ్వు ఆమ్లం పామిటిక్. అన్నం, పంచదార ఎక్కువైతే కాలేయం స్వయంగా చేసుకునేదీ అదే. సెరమైడ్ ఇన్సులిన్ గ్రాహకాన్ని ముట్టుకోదు. గ్రాహకం నుంచి ఆజ్ఞను లోపలికి మోసే ఏకేటీ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. 2007లో స్కాట్ సమ్మర్స్ బృందం మిరియోసిన్ అనే శిలీంధ్ర పదార్థంతో ఎస్‌పీటీని ఆపితే, జంతువుల్లో సంతృప్త కొవ్వు వల్లా స్టెరాయిడ్ల వల్లా వచ్చే ఇన్సులిన్ నిరోధకత తగ్గింది. మిరియోసిన్ మనుషులకు పనికిరాదు, విషపూరితం. రోగనిరోధక శక్తిని అణచేస్తుంది. దాన్నే మార్చి చేసిన ఫింగోలిమాడ్ మాత్రం మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు మందయింది. షుగరు కోసం తవ్విన గొయ్యిలో నాడుల జబ్బుకు నీళ్ళు పడ్డాయనుకునేరు, కాదు. అవయవ మార్పిడి మందుల కోసం జపాన్‌లో వేరేగా సాగిన వెతుకులాట అది.

2019లో యూటా విశ్వవిద్యాలయం నుంచి భగీరథ్ చౌరాసియా, సమ్మర్స్ తదితరులు మరింత సున్నితమైన ప్రయోగం చేశారు. సెరమైడ్ తయారీ చివరి అంకంలో డీఈఎస్-1 అనే ఎంజైము అణువులో ఒక జంట బంధాన్ని చొప్పిస్తుంది. ఎదిగిన ఎలుకల్లో ఆ ఎంజైమును తీసేస్తే అణువు దాదాపు అలాగే ఉంటుంది, జంట బంధం ఒక్కటే లేదు. ఆ ఒక్క తేడాతో ఎలుకల కాలేయంలో కొవ్వు కరిగింది, ఇన్సులిన్ పనితీరు బాగుపడింది. సెరమైడ్‌కు సంబంధించి మరో చక్కని ముక్క అడిపోనెక్టిన్. కొవ్వు కణాలు వదిలే ఈ మంచి హార్మోను ఎలా పనిచేస్తుందో చాలాకాలం తేలలేదు. 2011లో డాలస్ బృందం దాని గ్రాహకాలకే సెరమైడ్‌ను విరిచే ఎంజైము గుణం ఉందని చెప్పింది. 2017లో గ్రాహకపు నిర్మాణాన్ని చూసినవాళ్ళు ఆ మాటకు బలమిచ్చారు.

మనుషుల్లో సెరమైడ్ సాక్ష్యం ఎక్కువగా సంబంధాల రూపంలోనే ఉంది. రక్తంలో కొన్ని సెరమైడ్లు పెరిగినవారికి గుండెపోటు ప్రమాదం ఎక్కువ. అమెరికాలో మేయో క్లినిక్ 2016 నుంచి ఆ పరీక్ష చేస్తోంది. సంబంధం కారణమైపోదు. ఈ భేదం మరిచిపోతే ఏమవుతుందో చెప్పడానికి డారాప్లాడిబ్ అనే మందు చాలు. ధమనుల్లో వాపుతో ముడిపడ్డ ఒక ఫాస్ఫోలైపేజ్ ఎంజైమును అది చక్కగా ఆపింది. 2014లో రెండు భారీ పరీక్షల్లో గుండె జబ్బును మాత్రం తగ్గించలేకపోయింది. ఆ ఎంజైము జబ్బు జరిగే చోట ఉండేదే తప్ప జబ్బును తెచ్చేది కాదు.

డ్యాగ్ పక్షం, సెరమైడ్ పక్షం అని చీలి కొట్లాడుకోవడం నాకు అంత ఫలవంతంగా అనిపించదు. రెండు అణువులూ ఒకే పొంగు నుంచి పుడతాయి. సంతృప్త కొవ్వు ఎక్కువైతే సెరమైడ్ వైపు, ఇతరత్రా డ్యాగ్ వైపు వాలు ఎక్కువ. ఇంతకన్నా విలువైన విషయం ఒకటి 2016లో హెల్సింకి నుంచి వచ్చింది. హానెలే యూకి-యార్వినెన్ బృందం 125 మంది కాలేయపు ముక్కలను పరీక్షించింది. ఊబకాయంతో, ఇన్సులిన్ నిరోధకతతో వచ్చిన ఫ్యాటీ లివర్‌లో సెరమైడ్లు పెరిగి ఉన్నాయి. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువు తేడా వల్ల వచ్చిన ఫ్యాటీ లివర్‌లో కొవ్వు పెరిగినా సెరమైడ్లు పెరగలేదు, ఇన్సులిన్ నిరోధకతా లేదు. స్కానింగులో ఈ రెండు కాలేయాలూ ఒకేలా తెల్లగా మెరుస్తాయి.

ఆ జన్యువు సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. 2008లో డాలస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ బృందం పీఎన్‌పీఎల్‌ఏ3లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారితే కాలేయంలో కొవ్వు పెరుగుతుందని కనుగొంది. ఆ ప్రొటీను నిల్వ కొవ్వు బొట్ల ఉపరితలం మీద ఉంటుంది. మారిన రూపం విరిగిపోకుండా అక్కడే పేరుకుని, కొవ్వును విప్పే అసలు ఎంజైము ఏటీజీఎల్‌కు కావలసిన తోడు ప్రొటీనును తనవైపు లాగేసుకుంటుంది. దాంతో కొవ్వు విప్పుకోవడం మందగిస్తుంది. 2018లో బయటపడ్డ హెచ్‌ఎస్‌డీ17బీ13 దీనికి తలకిందులు: అదీ కొవ్వు బొట్టు మీది ఎంజైమే, అది చెడిపోతే కాలేయానికి రక్షణ. ఎలుకల ప్రయోగాల కన్నా, రక్తపరీక్షల సంబంధాల కన్నా ఇలాంటి జన్యు సాక్ష్యాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. పుట్టుకతోనే జరిగిపోయిన ప్రయోగం కాబట్టి, జబ్బు వల్ల ఎంజైము మారిందా, ఎంజైము వల్ల జబ్బు వచ్చిందా అన్న పేచీ ఉండదు.

మరి ట్రైగ్లిజరైడ్ మాటేమిటి? దాని తప్పు చాలా తక్కువ. 2001లో గుడ్‌పాస్టర్ బృందం చూపినట్టు, దూరపు పరుగుల క్రీడాకారుల కండరాల్లో షుగర్ రోగులతో సమానంగా కొవ్వు ఉంటుంది, ఇన్సులిన్ మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది. ట్రైగ్లిజరైడ్ తయారీలో చివరి మెట్టు డీగ్యాట్ ఎంజైములది. 2007లో ఎలుకల కాలేయాల్లో వాటిని అదనంగా పెట్టినవాళ్ళు ఫ్యాటీ లివర్ వచ్చినా ఇన్సులిన్ నిరోధకత రాలేదన్నారు. అదే ఏడాది ఇంకొకరు డీగ్యాట్-2ను తగ్గిస్తే కాలేయంలో కొవ్వు తగ్గి, దెబ్బ మాత్రం పెరిగింది. మూటగట్టే ఎంజైమును ఆపితే, మూట కాని కొవ్వు ఆమ్లాలు కణాన్ని కాల్చాయి. డీగ్యాట్-1 మందులు మనుషుల్లో విరేచనాలతో ఆగిపోయాయి. పేగు ఆ ఎంజైము లేకుండా తిన్న కొవ్వును సర్దుకోలేదు.

నిల్వ చెడ్డది కాదని అందరికన్నా గట్టిగా చెప్పేది కొవ్వు కణజాలం లేకుండా పుట్టే పిల్లలు. 2002లో అభిమన్యు గార్గ్ బృందం వాళ్ళలో కొందరికి ఏజీపీఏటీ2 అనే ఎంజైము పనిచేయదని కనుక్కుంది. కొవ్వు తయారీ దారిలో అదొక తొలి మెట్టు. ఈ పిల్లలు కండలు తిరిగినట్టు కనిపిస్తారు. చర్మం కింద కొవ్వు లేదు. కాలేయం మాత్రం కొవ్వుతో ఉబ్బుతుంది, చిన్న వయసులోనే తీవ్రమైన మధుమేహం వస్తుంది. ఉండాల్సిన చోట చోటు లేక కొవ్వు ఉండకూడని చోట చేరిందన్నమాట.

ఇది మన కథకు దగ్గరి చుట్టం. 2004లో 'లాన్సెట్' ఒక ఫొటో వేసింది. పుణె కేఈఎం ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ నుంచి జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎమ్‌ఐ 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. 2006లో యేల్ బృందం బక్కపలుచని యువకులను జాతుల వారీగా పోల్చితే, భారతీయ మూలాలున్న మగవారి కాలేయాల్లో తెల్లవారి కన్నా దాదాపు రెండింతల కొవ్వు, వాళ్ళలోనే ఇన్సులిన్ నిరోధకత ఎక్కువ. 2023లో వెలువడిన ఐసీఎమ్‌ఆర్-ఇండియాబ్ లెక్కలో దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ. హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో వెలువరించిన పత్రంలో 84 శాతం మంది కాలేయాల్లో కొవ్వు ఎక్కువగా తేలింది. పత్రికలు ఆ అంకెను ఊరంతటికీ అంటించాయి. ఒకే వృత్తి, ఒకే నగరం, కొద్దిమంది అని గుర్తుంచుకుంటే చాలు, ఆందోళన అప్పుడూ మిగిలే ఉంటుంది.

కాలేయంలోకి ఈ కొవ్వంతా ఎక్కడి నుంచి వస్తుంది? 2005లో అమెరికాలో ఫ్యాటీ లివర్ రోగుల మీద గుర్తు వేసిన అణువులతో చేసిన లెక్క ప్రకారం 59 శాతం రక్తంలో తిరిగే కొవ్వు ఆమ్లాల నుంచి, 26 శాతం కాలేయం సొంతంగా తయారుచేసినది, 15 శాతం తిండి నుంచి. ఎక్కువ వాటా కొవ్వు కణాల నుంచి జారినదే. ఆ జారుడుకు తలుపు తీసే ఏటీజీఎల్‌ను 2004లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో రుడాల్ఫ్ జెక్నర్ బృందం వెలుగులోకి తెచ్చింది. దాన్ని ఆపేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఆపి చూశారు. ఎలుకల్లో గ్లూకోజు అదుపు మెరుగైంది. కానీ గుండె కండరంలో కొవ్వు పేరుకుని, అవి గుండె ఆగి చనిపోయాయి.

కాలేయం సొంత తయారీని ఆపిన కథ ఇంకా ఆసక్తికరం. మాలొనైల్-కోఏను తయారుచేసే ఏసీసీ ఎంజైమును అడ్డుకునే మందును డాలస్‌లో రోగులకు ఇచ్చి 2017లో ఫలితాలు చెప్పారు. మెగారీ సూత్రం ప్రకారం తయారీ ఆగి, దహనం పెరగాలి. పెరిగింది, కాలేయపు కొవ్వు 36 శాతం తగ్గింది. కానీ రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 200 శాతం పెరిగాయి. మాలొనైల్-కోఏ లేకపోతే పొడవాటి బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాలు తయారు కావు. వాటి లోటును గమనించిన కణం, కొవ్వు తయారీ జన్యువులను నడిపే ఎస్‌ఆర్‌ఈబీపీ-1సీని రేపి, కొవ్వును రక్తంలోకి గెంటింది. గోదావరి కాలువ మీద ఒక తూము బిగిస్తే నీళ్ళు ఆగవు, పక్క చేలో పడతాయి. ఆ తర్వాత ఏసీసీ మందుకు డీగ్యాట్-2 మందును జోడించి, రక్తంలో ఆ పెరుగుదలను చాలావరకు అదుపు చేయగలిగారు.

ఈ ఆటలో హైదరాబాదుకూ ఒక అంకం ఉంది. కొవ్వు ఆమ్లాలను పసిగట్టి జన్యువులను నడిపే పీపార్ గ్రాహకాల మీద డాక్టర్ రెడ్డీస్ పరిశోధన సంస్థ 1990లలోనే పనిచేసింది. 1997లో బాలాగ్లిటజోన్ అణువును డెన్మార్క్‌లోని నోవో నార్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చింది. భారతీయ కంపెనీ తాను కనిపెట్టిన అణువును విదేశీ కంపెనీకి అలా ఇవ్వడం అదే మొదలు. దాని వెంట వెళ్ళిన రాగాగ్లిటజార్ మీద ఆశలు ఇంకా ఎక్కువ. 2002లో ఎలుకల మూత్రాశయంలో కణుతులు కనిపించి పరీక్షలు ఆగిపోయాయి. అహ్మదాబాద్‌లోని జైడస్ వారి సారోగ్లిటజార్ అదే జాతి మందు. 2013లో భారత అనుమతి పొందింది, 2020లో కొవ్వుతో దెబ్బతిన్న కాలేయానికీ పొందింది.

మెదడు వైపు ప్రయత్నం మరీ విషాదం. డ్యాగ్‌నే ఒక లైపేజ్ విరిస్తే ఆకలి పెంచే ఎండోకానబినాయిడ్ పుడుతుంది. దాని గ్రాహకాన్ని మూసే రిమోనబాంట్ 2006లో ఐరోపాలో బరువు తగ్గించే మందుగా వచ్చింది. కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనల వల్ల 2008లో వెనక్కి పోయింది.

ఇప్పుడు కొవ్వుతో దెబ్బతిన్న కాలేయానికి అమెరికాలో అనుమతి ఉన్నవి థైరాయిడ్ గ్రాహకం మీద పనిచేసే రెస్మెటిరోమ్, ఆకలి తగ్గించే సెమాగ్లుటైడ్. రెండూ లిపిడ్ ఎంజైమును నేరుగా పట్టుకునేవి కావు. ఒకటి కాలేయంలో దహనాన్ని మొత్తంగా పెంచుతుంది, రెండోది వచ్చే సరుకునే తగ్గిస్తుంది. ఒక్కో మెట్టును మూయబోయిన తెలివి కన్నా ఈ మోటు పద్ధతి ముందు గెలవడంలో నాకు ఆశ్చర్యం లేదు. సెరమైడ్ వాదం నిలబడాలంటే డీఈఎస్-1ను ఆపే మందు మనుషుల్లో, బరువు తగ్గకుండానే, ఇన్సులిన్ పనితీరును మార్చి చూపాలి. డ్యాగ్ వాదానికి పరీక్ష ఇంకా కష్టం. బయటి పొరలోని ఒక రూపాన్ని కొలవాలంటే కాలేయంలోంచి ముక్క తీయాలి. అలా ముక్క ఇచ్చినవాళ్ళలో చాలామంది బరువు తగ్గించే శస్త్రచికిత్సకు వచ్చిన అమెరికా, ఐరోపా ఊబకాయులు. నడుం దగ్గర కాస్త పొట్ట తప్ప బక్కగా కనిపించే మన షుగర్ రోగి కాలేయంలో డ్యాగ్ ఎంత, సెరమైడ్ ఎంత అని అదే శ్రద్ధతో కొలవాల్సి ఉంది.